తాళం వేసిన నవ్వు

పొద్దున్నే తాళాల దుకాణం షట్టర్ వీధంతా లేచేంత చప్పుడు చేస్తూ పైకి వెళ్ళేది. అక్కణ్ణించి ఇంటిల్లిపాదీ ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. కొడుకు పాత వ్యాన్‌లో పనిముట్లు సర్దుకుని, తాళంచెవులు పారేసుకున్నవాళ్ళ ఇళ్ళకీ, బయటికి రాగానే వెనకనుంచి తలుపు తాళం పడిపోయినవాళ్ళ ఇళ్ళకీ బయల్దేరేవాడు. కోడలు మిషను ముందు కూర్చుని డూప్లికేట్ తాళంచెవులు కోసేది. అత్తగారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, కోడలు కోసిచ్చిన తాళంచెవి అంచుల్ని ఆకురాయితో నున్నగా రుద్ది, గుడ్డతో తుడిచి, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టి నవ్వేది.

ఆ నవ్వు తాళంచెవి పుచ్చుకున్న మనిషి మొహమెక్కి వీధిలోకి వెళ్ళిపోయేది. వాళ్ళ మీంచి ఇంకొకరి మీదికి, వాళ్ళ మీంచి మరొకరి మీదికి మారుతూ, ఊరంతా తిరిగి, దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరేది. ఒక్కోరోజు సుద్దముక్కల పొడి వాసన వేసేది. ఒక్కోరోజు బస్సు పొగ వాసన. "ఇవాళ బడిదాకా పోయొచ్చినట్టుంది" అనేది అత్తగారు ముక్కు ఎగబీల్చి. తిరిగి తిరిగి వచ్చిన పిల్లిలా అది ఆమె మొహం మీద సర్దుకుని పడుకునేది. పగలు అది ఊళ్ళో ఉన్నంతసేపూ ఆమె మొహం బోసిగా ఉండేది. నడుం నొప్పి, మోకాలు నొప్పి, కోడలి టీలో పంచదార తక్కువవడం, అన్నీ ఆ మొహం మీద వరసగా కనపడేవి.

నవ్వు వెళ్ళిన చోటల్లా మంచే జరిగేది. మూడిళ్ళవతల దర్జీకి పార్శ్వపు నొప్పి. నవ్వు ఒక పూట మొహం మీద కూర్చుని లేచిందంటే మళ్ళీ వారందాకా తల పట్టుకునేవాడు కాదు. ఆ వీధిలోంచి వెళ్ళే బస్సు డ్రైవరుకి రక్తపోటు దిగింది, హారన్ కొట్టడం తగ్గింది. నిద్రపట్టని పంతులమ్మకి నిద్రపట్టింది. ఎటొచ్చీ ఎదురుగా మందుల షాపాయనకే చిక్కు వచ్చిపడింది.

"నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా పెద్దమ్మా? మిగతా మూడూ నాకు తెలియవుగానీ, నా వ్యాపారానికి మాత్రం చేటే" అనేవాడు. అని, అవసరం లేకపోయినా ఒక తాళంచెవి కోయించుకునేవాడు. ఆయన షాపుకి ఉన్నది ఒక్క తలుపు. దానికి తాళంచెవులు గుత్తెడు.

కొడుక్కి ఒక భయం ఉంది. వాళ్ళ నాన్న ఆ దుకాణంలోనే, మిట్టమధ్యాహ్నం, చేతిలో ఆకురాయి పట్టుకుని అలాగే పోయాడు. ఆ సమయానికి కొడుకు పక్కవీధిలో ఎవరిదో బీరువా తాళంతో కుస్తీ పడుతున్నాడు. బీరువా తెరిచి, ఈలవేసుకుంటూ వచ్చేసరికి దుకాణం ముందు జనం. అప్పట్నించీ ఎక్కడికెళ్ళి వచ్చినా వీధి మలుపులో వ్యాన్ ఆపేసి, మెడ చాచి, దుకాణం ముందు జనం ఉన్నారేమో చూసుకుని గానీ ముందుకు కదిలేవాడు కాదు. ఆ తర్వాత అతను నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఊరంతా తిరిగే నవ్వు కూడా అతని మొహం వైపు వచ్చి, ఒకసారి తొంగిచూసి, పక్కనుంచి పోయేది.

ఒకరోజు అత్తగారు మేడమెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయింది. ఊపిరి అందలేదు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, గుండె కాస్త బలహీనపడిందని చెప్పింది.

"మందులు మానొద్దు. ఉప్పు తగ్గించండి. నవ్వుతూ ఉండండి. ఇది ఊరికే అనడం లేదు, నవ్వితే ఒళ్ళు తేలికపడుతుంది. రక్తపోటు దిగుతుంది, నిద్ర పడుతుంది, నొప్పి కూడా అంతగా తెలియదు. ఛాతీలో ఏమాత్రం నొప్పనిపించినా మాత్రం వెంటనే వచ్చెయ్యండి."

కొడుకు చెవికి నవ్వు దాకానే ఎక్కింది. ఇంటికొస్తూ దారిపొడుగునా దాన్నే తలుచుకున్నాడు. అమ్మ నవ్వుతో ఊళ్ళోవాళ్ళ రోగాలన్నీ కుదురుతున్నాయి. అమ్మకేమో సాయంత్రం తిరిగొచ్చిన మిగులు. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెట్టినట్టుంది మన వ్యవహారం అనుకున్నాడు. తాళాలు వేసేవాడికి తట్టే ఉపాయం ఏముంటుంది? మర్నాడే పని మొదలుపెట్టాడు.

మేడమీద తల్లి గది కిటికీలకి సన్నటి వల బిగించాడు. రెక్కలకి తాళాలు పెట్టాడు. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ కొట్టాడు. ఆ తలుపుకి ముందు ఇంకో తలుపు పెట్టి, ఒకటి మూస్తేగానీ రెండోది తెరుచుకోకుండా ఏర్పాటు చేశాడు. నవ్వు ఎంత సందులో దూరగలదో ఎవరూ కొలిచి చెప్పలేదు కదా, అందుకని వెలుతురు దూరే సందులన్నీ మూసేశాడు.

"ఒరే, నేనేమన్నా ఇనప్పెట్టెనట్రా?" అంది తల్లి.

"నీ మంచికేనమ్మా. కొన్నాళ్ళు. గుండె కుదుటపడేదాకా."

ఆమె కొడుకు మొహం చూసింది. వాడి భయం ఎప్పటిదో ఆమెకి తెలుసు. కన్నకడుపు కదా, సరేనంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. నవ్వు ఎక్కడికీ పోకుండా ఆమె మొహం మీదే ఉండిపోయింది. మందుల షాపాయన రక్తపోటు చూసే యంత్రం పట్టుకుని మేడమీదికొచ్చి, పట్టీ చుట్టి, అంకెలు చూసి, "నాకే ఇలా ఉంటే ఎంత బావుణ్ణు" అన్నాడు. ఆమె మోకాలు నొప్పి మాట ఎత్తలేదు. నడుం మాటా ఎత్తలేదు. కొడుకు పనిలోకి వెళ్తూ గదిలోకి తొంగిచూసి, నవ్వుతున్న తల్లిని చూసి, ధైర్యంగా వ్యాన్ ఎక్కేవాడు. వీధి మలుపులో ఆగడం కూడా మానేశాడు.

కింద వీధి మాత్రం పాడైంది. దర్జీ తలకి గుడ్డ కట్టుకుని చీకట్లో కూర్చుంటున్నాడు. బస్సు హారన్ పొద్దస్తమానం మోగుతోంది. మందుల షాపులో అమ్మకాలు పెరిగాయిగానీ ఆయనే గుప్పెడు మాత్రలు మింగుతున్నాడు. వచ్చినవాళ్ళంతా ఖాళీ కుర్చీ వైపు చూసి, "పెద్దమ్మ కిందికి రాదా?" అని అడుగుతున్నారు. కోడలు తలొంచుకుని తాళంచెవి కోసిచ్చేది.

అసలు భయం ఆమెకి ఒక మధ్యాహ్నం పట్టుకుంది. అత్తగారి గదిలో మరిగే నీళ్ళ గిన్నె జారి, నీళ్ళు ఆమె పాదం మీద పడ్డాయి. కోడలు కెవ్వుమంది. అత్తగారు పాదం వైపు చూసుకుని, నవ్వుతూ, "కాలినట్టుందే" అంది. ఎర్రగా పొంగిన బొబ్బని పక్కింటివాళ్ళ వస్తువేదో చూసినట్టు చూసింది.

"మంటగా లేదా అత్తయ్యా?"

"ఏమో. ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది."

ఆ తర్వాత కోడలు గమనించడం మొదలుపెట్టింది. అత్తగారు దగ్గుతూ నవ్వుతోంది. తిండి సయించక కంచం పక్కకి నెట్టి నవ్వుతోంది. నిద్రలోనూ నవ్వు దిగడం లేదు. కళ్ళు మూసుకుపోయి, బుగ్గలు పీక్కుపోయి ఉంటాయి, పెదాలు మాత్రం అలాగే సాగి ఉంటాయి. మొహం ఎప్పుడూ కిటికీ వైపే తిరిగి ఉంటుంది. మనిషిని ఇటు తిప్పి పడుకోబెడితే, కాసేపటికి మెడ దానంతటదే వల వైపు తిరిగేది. ఇది అత్తయ్య నవ్వడం కాదు, నవ్వే అత్తయ్యని పట్టుకుంది అనిపించింది కోడలికి. అన్నం పళ్ళెం పట్టుకుని మొదటి తలుపు దాటాక, రెండో తలుపు తీసేముందు చెవి ఆనించి వినేది.

"ఏమండీ, ఆ కిటికీ ఒక్కసారి తీద్దామండీ. ఆ నవ్వుని కాసేపు బయటికి పోనిద్దాం" అంది మొగుడితో.

"నీకేమన్నా పిచ్చా? నవ్వుతున్న మనిషికి ఏం జబ్బు?"

"అదేనండీ నా భయం. జబ్బొస్తే మనకి తెలిసేదెలా?"

"రక్తపోటు చూస్తున్నాం కదా! నిద్రపోతోంది కదా! ఒక్క నొప్పన్నా ఉందందా?"

"అనలేదు. మీ అమ్మ ఒక పూటైనా నొప్పి అనకుండా ఉండటం మీరెప్పుడన్నా చూశారా?"

అతను తాళంచెవుల గుత్తి నడుముకి తగిలించుకుని వెళ్ళిపోయాడు. కిటికీల తాళంచెవులు ఆ గుత్తిలోనే ఉన్నాయి.

ఆ రోజే, పగటివేళ, కోడలు పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళేసరికి అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. జాకెట్టు తడిసిపోయి ఒంటికి అతుక్కుంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఎడమచెయ్యి ఒళ్ళో ఎవరో వదిలేసి వెళ్ళినట్టు పడివుంది. మొహం నవ్వుతోంది.

"అత్తయ్యా! ఏమైంది?"

"ఏం లేదమ్మా. కాస్త చెమట." మాట మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. "ఎండగా ఉంది కదూ?"

ఎండ లేదు. పొద్దుట్నించీ మబ్బుగా ఉంది. ఎవరినైనా పిలిస్తే ఏం చూపించాలి? మా అత్తగారు నవ్వుతోంది, రండి అనాలా? ఆ నవ్వు వెనకాల మనిషి ఎంత దూరంలో ఉందో, ఎంత లోతుకి జారిపోయిందో తెలియడం లేదు. పరుగున కిందికి దిగి, రేకులు కోసే కత్తెర తెచ్చి, కిటికీ అద్దం పగలగొట్టి, వలని అడ్డంగా కోసేసింది. చెయ్యి గీరుకుని నెత్తురొచ్చింది. చూసుకోలేదు.

నవ్వు వెళ్ళిపోయింది. ఒక్క విసురు గాలి మొహానికి తగిలినట్టయింది, అంతే.

వెంటనే అత్తగారు అరిచింది. కోడలు కాపురానికొచ్చాక ఆ ఇంట్లో అలాంటి కేక వినలేదు. ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గరే ఆగిపోయిన నొప్పంతా ఒక్కసారి లోపలికొచ్చి పడింది. మొహం బూడిదరంగుకి తిరిగింది. పళ్ళు కరుచుకుని, గుండె మీద గుప్పిట పెట్టుకుని మంచం మీదికి ఒరిగిపోయింది.

కేక విని మందుల షాపాయన షాపు వదిలేసి మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో ఆ మొహం చూడగానే ఫోను తీశాడు. "అంబులెన్సు! తొందరగా! గుండె!" అని, ఆమె చెయ్యి పట్టుకుని, "ఇదంతా ఎక్కడ దాచావు పెద్దమ్మా?" అన్నాడు. ఆ అంకెలన్నీ చూసింది ఆయనే మరి.

ఆస్పత్రిలో తలుపులు మూసి చాలాసేపు ఏదో చేశారు. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చి కోడల్ని పక్కకి పిలిచింది.

"గుండెకి రక్తం వెళ్ళే దారి ఒకటి మూసుకుపోయింది. తెరిచాం. ఇంకోటి సన్నగా ఉంది. అది ఎప్పుడైనా మొండికెయ్యొచ్చు. నొప్పి అంటే క్షణం ఆలస్యం చెయ్యకుండా పిలవండి. ఇన్నాళ్ళూ నొప్పి రాలేదా ఆవిడకి?"

"నవ్వుతూ ఉండేదండీ" అంది కోడలు.

డాక్టరమ్మ తల దించుకుని లోపలికి వెళ్ళింది.

కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నడుముకి గుత్తి గలగలలాడుతోంది. తలుపు అద్దంలోంచి తల్లి మొహం చూశాడు. ఏ గుర్తూ లేని బోసి మొహం.

"వదిలేశావా?" అన్నాడు పెళ్ళాంతో.

"వదిలేశాను."

"అది లేకపోతే మా అమ్మ ఎలా బతుకుతుందే?"

"అది ఉండగా మీ అమ్మ బతికుందో లేదో నాకు తెలియలేదండీ." ఆమె ఏడ్చేసింది. "మీరు తిట్టినా సరే, కొట్టినా సరే. నాకు మాత్రం చచ్చేంత భయమేసింది."

అతను తిట్టలేదు. బల్లమీద ఆమె పక్కన కూలబడ్డాడు. దీపాలు పెట్టేవేళ దాటినా నవ్వు రాలేదు. ఆస్పత్రి దారి దానికి తెలియదేమో, ఇంటికి పోయి తాళాలు చూసి తిరిగిపోయిందేమో అనుకుని ఇంటికి పరుగెత్తాడు. మేడమీద రెండు తలుపులూ ఊడబీకాడు. మిగిలిన కిటికీలు తెరిచాడు. దుకాణం షట్టర్ పైకెత్తి, తల్లి కుర్చీలో కూర్చున్నాడు. తాళాలు బాగుచేసే మనిషి ఇంట్లో ఆ రాత్రి ఒక్క గడియ కూడా పడలేదు.

పొద్దున్న పాలవాళ్ళు తిరిగే వేళకి నవ్వు వచ్చింది. డొక్కు ఇంజను వాసన వేస్తోంది, ఎక్కడెక్కడ తిరిగిందో. కుర్చీ దగ్గరికొచ్చి, అత్తగారు లేకపోయేసరికి కాసేపు తారట్లాడి, కుర్చీలో ఉన్నవాడి మొహమెక్కింది. అతను బిగుసుకుపోయాడు. పని మరిచిన బుగ్గలు కదా, పీకాయి. వెంటనే పెదాలు గట్టిగా మూసి, లేచి నడక మొదలుపెట్టాడు. వ్యాన్‌లో పోతే కుదుపులకి ఎక్కడ జారిపోతుందోనని, అంచుదాకా నిండిన బిందె మోస్తున్నవాడిలా, ఎవరి మొహం వైపూ చూడకుండా ఆస్పత్రి దాకా నడిచాడు. దారిలో దర్జీ పలకరించాడు. చూసుకోనట్టు దాటిపోయాడు.

"వచ్చారా? నేను ఇంటికెళ్ళి అత్తయ్యకి బట్టలు తెస్తాను" అని లేచిన కోడలు అతని మొహం చూసి ఆగింది. అతను కళ్ళతోనే వెళ్ళమన్నాడు.

తల్లి మేలుకునే ఉంది. అతను మంచం మీదికి వంగాడు. నవ్వు ఆమెకి ఇచ్చేద్దామని మొహం దగ్గరికి పెట్టాడు. ఆమె తల పక్కకి తిప్పుకుంది.

"ఇప్పుడొద్దురా" అంది. నుదురు ముడిపడింది. "లాగుతోంది. ఇక్కణ్ణించి... దవడ దాకా. నర్సుని పిలు. తొందరగా."

అతను వసారాలోకి పరుగెత్తాడు. నర్సు బల్ల దగ్గర నిలబడి ఏదో రాసుకుంటోంది. నిన్నట్నించీ డ్యూటీ దిగలేదేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మకి గుండెల్లో నొప్పండీ. రండి!"

ఆమె తలెత్తి చూసింది. "ఏంటండీ, పొద్దున్నే హుషారుగా ఉన్నారు? కూర్చోండి. ఆ చివరి మంచం చూసి వస్తాను."

"నిజమండీ! దవడదాకా లాగుతోందంటోంది!"

"నొప్పనేది నవ్వుతూ చెబుతారా ఎవరైనా? నాతో పరాచికాలొద్దు సార్, నాకు ఓపిక లేదు."

అతను అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. నవ్వు కదల్లేదు. గుండె ఎంత దడదడలాడితే అది అంత హాయిగా విప్పారింది. ఎదురుగా మందుల బీరువా అద్దంలో తన మొహం కనపడింది. కళ్ళు మునిగిపోతున్నవాడివి, నోరు పెళ్ళికెళ్తున్నవాడిది. ఈ మొహాన్నే ఇన్నాళ్ళూ మేడమీద గదిలో చూసి, నిశ్చింతగా వ్యాన్ ఎక్కి పనికి పోయాడు. అమ్మ ఎన్నాళ్ళు ఇలా లోపల్నించి చూస్తూ ఉండిపోయిందో.

ఎంత మొండి తాళాన్నైనా తీసిన చేతులు. కానీ ఇది మెలితిప్పితే వచ్చేది కాదు. ఇస్తేనే పోతుంది. ఇచ్చేస్తే మళ్ళీ వస్తుందో రాదో. అమ్మ బతకడానికి ఇదొక్కటే ఆధారమని నమ్మినవాడు. పొద్దుట్నించీ బిగబట్టినదాన్ని వదిలేశాడు. నర్సు ఎర్రటి కళ్ళలోకి తిన్నగా చూశాడు.

"తీసుకో తల్లీ" అన్నాడు.

అది వెళ్ళిపోయింది. ఆమె భుజాలు కిందికి దిగాయి, నుదుటి మీద ముడత విడింది. ఎదురుగా ఉన్న మొహంలో ఏముందో ఆమెకి అప్పుడు కనపడింది. చేతిలో ఉన్నది బల్లమీద పారేసి, "డాక్టర్!" అని కేకపెట్టి పరుగు తీసింది.

అతను తలుపు దగ్గర నిలబడిపోయాడు. లోపల నర్సు చేతులు ఎక్కడా తడబడలేదు. సూది ఒక్కసారికే నరం దొరకబుచ్చుకుంది. మంచం మీద తల్లి, తన నవ్వు ఎవరి మొహం మీదుందో చూసి కూడా పట్టించుకోకుండా, వేలితో ఛాతీ చూపిస్తూ, "ఇక్కడ. కాదు, ఇంకాస్త కిందికి. ఇక్కడ" అని చెబుతోంది. డాక్టరమ్మ ఆ వేలినే నమ్ముకుని వంగింది. తర్వాత తలుపు మూసేశారు.

కోడలు బట్టల సంచీతో వచ్చేసరికి అతను గోడకి చేరగిలబడి నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆమె అతని మొహం చూసింది. ఆ మొహం మీద ఏమీ లేదు, భయం తప్ప. సంచీ చేతిలోంచి జారిపోయింది.

"ఏమైందండీ? అత్తయ్య..."

"నొప్పిగా ఉందట" అన్నాడు. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. "చాలా నొప్పిగా ఉందట. ఎక్కడో చెప్పింది."

ఆమె అతని పక్కన కూర్చుంది. తలుపు వెనకనుంచి అత్తగారి మూలుగు వినపడింది. కాసేపు ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మళ్ళీ వినపడింది. ఆ తర్వాత, "అబ్బా, కాస్త మెల్లిగా అమ్మా!" అన్న విసుగు వినపడింది. ఇద్దరూ ఊపిరి వదిలారు.